పన్నెండొందల తొంభయ్యారో పేజీ

అయ్యయ్యో, అలా ఎడంచేత్తో లాక్కోకండి చంద్రరావుగారూ! కాళ్ళూ చేతులూ కడుక్కుని ముట్టుకోవాలండి దాన్ని...

ఛ! చూశారా, నా నోట్లోంచే ఎలా వచ్చేసిందో ఆ మాట! మీ లైబ్రరీ పుస్తకం, మీ టేబులు, మీ చెయ్యి. మధ్యన నేనెవర్నండీ? తీసుకోండి. ఏ చేత్తో కావాలంటే ఆ చేత్తో తీసుకోండి. పదహారు నెలల అలవాటు, ఏం చెయ్యను మరి.

గుడ్డ విప్పండి. ముడి గట్టిగా ఉంటుంది, మా అత్తగారు వేశారు. గోళ్ళతో కాదు, ఆ పెన్ను మొన పెట్టి లాగండి. ఆఁ, అలాగ.

అలా చూడకండి, అది పసుపండి. నాలుగు మూలలా రాశారు. ఆ ఎర్రటివి కుంకం బొట్లు. మీ గ్రంథాలయం ముద్ర మీదున్నది గంధం. తడిగుడ్డతో తుడిస్తే పోతుందిలెండి. పోకపోయినా అక్షరాలకేం అడ్డు రావడం లేదుగా.

స్టాకు చూసుకోడానికి సోమవారం ఆఫీసరుగారొస్తున్నారని మీరు నాలుగుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లు నేనెత్తలేదు. ఎలా ఎత్తను? మీ నంబరు నా ఫోన్లో 'పంతులుగారు' అని ఉంది. అది మోగిందంటే మా ఆయన చెప్పులు విడిచి మరీ పట్టుకొచ్చి ఇస్తారు. ఆయన ఎదురుగా నుంచుంటే నేను మీతో పుస్తకం గడువు గురించి ఏం మాట్లాడనండీ? అందుకే నాలుగోసారి ఎత్తి "అలాగేనండి పంతులుగారూ, దీపం కొండెక్కనివ్వనండి" అని పెట్టేశాను. మీకు నా మతి పోయిందనిపించి ఉంటుంది. పోయిన మాట నిజమే అనుకోండి.

ఇంతకీ నాక్కావల్సింది ఒక్కటేనండి. పుస్తకం ఉంది, చూశారు. మీ రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని, కొత్త గడువు వేసి, మళ్ళీ నాకిచ్చెయ్యండి. మూడున్నర బస్సుకి నేనెళ్ళిపోవాలి. అగరొత్తులూ కర్పూరం అని చెప్పి వచ్చాను. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పనిమాలా బజారుకి రారని మీకు తెలుసుగా.

ఏంటీ? నవలకి పూజ చేయడమేంటమ్మా అంటారా? ఎవరూ చెయ్యరండి. అదే కదా నా ఖర్మ.

ముందట్ట లోపల తేదీల కాయితం చూడండి. పైన ఒకే ఒక్క తేదీ ఉంటుంది, రెండువేల తొమ్మిది, ఆగస్టు. పక్కన సభ్యత్వం నంబరు ఉందా? నాదే. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను అప్పుడు. మీరింకా ఇక్కడికి రాలేదు. తరవాత పద్నాలుగేళ్ళు ఆ పుస్తకాన్ని తీసినవాళ్ళు లేరండి. ఆ కింద తేదీ కూడా మళ్ళీ నాదే.

అప్పట్లో రెండొందల పన్నెండో పేజీ దాకా వెళ్ళాను. పెళ్ళి కుదిరింది. "పెళ్ళికూతురు ఆ లావు పుస్తకం పట్టుకుని కూచుందేంటి, కళ్ళకింద నలుపొస్తుంది" అని మా అమ్మ తీసుకెళ్ళి ఇచ్చేసింది. నా బతుకులో మొదలెట్టి సగంలో వదిలేసినవి చాలా ఉన్నాయండి. టైపు ఉంది, బీయీడీ ఉంది, వీణ ఉంది. అవేవీ మళ్ళీ దొరకలేదు. ఇదొక్కటీ దొరికింది. పిల్లదాని ప్రాజెక్టుకేదో పుస్తకం కావాలని మీ దగ్గరకొచ్చాను చూడండి, పై అరలో దుమ్ము కొట్టుకుని ఇది కనపడింది. నాకు ఏడుపొచ్చింది. మీరు దుమ్ముకి తుమ్ములనుకున్నారు.

కథేంటంటారా? మీరు చదవలేదూ! ఇన్నేళ్ళు మీ బీరువాలో పెట్టుకుని! సరే, ఎవరు చదివారు గనక.

కాలవ లాకుల దగ్గర కాపురం ఉండే ఒకావిడండి. మొగుడు లాకు తలుపులెత్తుతాడు, దించుతాడు. పడవలు అటెళ్తాయి, ఇటొస్తాయి. ఆవిడ చూస్తూ ఉంటుంది. అంతే కథ. దానికి పదమూడొందల పేజీలు. రాసినాయన ఒక వాక్యం మొదలెట్టాడంటే పదకొండు పేజీల దాకా చుక్క లేదు. కుక్కరు కూత పెట్టింది, పాలు పొంగాయి, కరెంటు పోయింది, వచ్చింది, ఆ వాక్యం మాత్రం అవలేదు! ఆవిడ పేరు మూడొందల పేజీల దాకా చెప్పడు. చెప్పాక మూడు పేర్లు చెప్తాడు. ఎవరెవరో గుర్తుండక రొయ్యల మేత కంపెనీ వాళ్ళిచ్చిన డైరీలో రాసుకున్నాను.

అర్థం కాకపోతే మానెయ్యొచ్చుగా అంటారా? అర్థం కాకపోవడమేం లేదండి. ఆవిడ గట్టు మీద నుంచుని పడవల వంక చూస్తుందే, అది మాత్రం నాకు ఒక్కసారే అర్థమైపోయింది.

కానీ చదవనిచ్చేదెవరండీ? భోజనాలయ్యాక పుస్తకం పట్టుకుని మంచం మీద వాలితే చాలు, "భాను ఏం తోచక పడుకున్నట్టుంది, కాస్త అప్పడాలు వత్తించండి" అనేవారు. నవల చదివే ఆడదాన్ని పాలవాడు కూడా లేపేస్తాడు.

సరిగ్గా అప్పుడే కార్తీకం వచ్చింది. మా అత్తగారు సూర్యకాంతమ్మగారు ఏటా పారాయణ చేస్తారు. ఒకరోజు ఆవిడ పీట మీద ఉండగా మా రొయ్యల చెరువు దగ్గర మోటారు కాలిపోయిందని మా ఆయన పరిగెత్తుకొచ్చారు. ఇంకో మోటారున్న గది తాళాలు ఆవిడ బొడ్లో ఉన్నాయి. మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయారండి! అక్కడ గాలాడక రొయ్య పైకి తేలుతోంది, ఇక్కడీయన చేతులు కట్టుకుని నుంచున్నారు. ఆవిడ పేజీ పూర్తి చేసి, కళ్ళకద్దుకుని, అప్పుడు తాళాలిచ్చారు.

అది చూశానండి. చూసి, మర్నాడు పెట్టెలోంచి ఎర్ర జాకెట్టు గుడ్డ తీసి ఈ పుస్తకానికి చుట్టాను.

అబద్ధం చెప్పలేదు. ఒట్టు! పారాయణ అని నేననలేదు. తలంటుకుని, గుడ్డ చుట్టిన పుస్తకం పట్టుకుని దేవుడి గదిలో తలుపు ఓరగా వేసుకుని కూచున్నానంతే. మిగతాదంతా వాళ్ళే అనుకున్నారు.

అబ్బ, ఆ మొదటి నెల! రోజుకో గంట. పిలిచేవాళ్ళు లేరు. ఫోన్ మోగినా "పారాయణలో ఉంది" అని ఎవరో చెప్పేవారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో తలుపు దగ్గరగా వేసుకుని నేనొక్కదాన్నీ కూచున్నది అదే మొదలు. నెలలో రెండొందల పన్నెండు దాటేశాను. ఆ రోజు పరవాణ్ణం చేసుకున్నాను. ఎందుకో ఎవరికీ తెలీదు.

తరవాత మొదలయ్యాయండి రూల్సు.

పారాయణ అన్నాక నేల మీద పీట వేసుకోవాలి, తూర్పుకి తిరగాలి, చదివేప్పుడు ఏమీ తినకూడదు, మధ్యలో లేవకూడదు. నెలకి ఆ నాలుగు రోజులూ ముట్టుకోకూడదు. ఆ గదిలోకే వెళ్ళకూడదు. ఆ పదకొండు పేజీల వాక్యంలో ఉన్నాను, ఆ నాలుగు రోజులొచ్చాయి. తిరిగొచ్చేసరికి మొదలూ గుర్తులేదు, మొగుడెవరో గుర్తులేదు. మళ్ళీ మొదట్నుంచి! రోజూ వడపప్పు, పానకం. అధ్యాయం అయితే చలిమిడి. గంట చదువుకోడానికి గంటన్నర పని పెరిగింది. పక్కకి తిరిగి పడుకుని, మావిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుంటూ చదువుకుందామనే కదండీ నేను మొదలెట్టింది?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులోనే పీటేసుకు కూచున్నాను.

అక్కడితో ఆగితే బాగుండును. ఆ వాక్యాలు మనసులో చదివితే జారిపోతున్నాయని పైకి చదవడం మొదలెట్టాను. పక్కింటి అప్పాయమ్మగారు పువ్వుల కోసం వచ్చి కిటికీ దగ్గర ఆగిపోయారు. నేను చదువుతున్నదేంటో తెలుసా? "నీరు తాను వచ్చిన దారిని మరచును, మరవనిది గట్టు ఒక్కటే, గట్టునకు నడక లేదు గనుక దానికి జ్ఞాపకమే నడక." ఆవిడ చెంపలు వాయించుకున్నారండి! "ఏ ఉపనిషత్తమ్మా?" అన్నారు. నేను తలాడించాను. అడ్డంగానా నిలువుగానా, నాకే తెలీదు.

మర్నాడు ఇద్దరొచ్చారు. శివరాత్రికి పద్నాలుగు మంది. నా గంట పోయింది, నా తలుపు పోయింది. దేవుడి గది చాలక హాల్లోకి మార్చారు.

అందులో ఒక ముక్క వాళ్ళకి తెలిసినా మొదటిరోజే దొరికిపోదును. అర్థం కాలేదు గనకే నమ్మేశారు. నాలుగొందల ముప్పయ్యో పేజీలో ఆ లాకులావిడ మొగుణ్ణి ఆరు పేజీలు తిడుతుంది. ఒక్క ముక్క వదలకుండా పైకే చదివాను. "అమ్మవారి అలక" అంది ఒకావిడ, అందరూ దణ్ణం పెట్టారు! మా అత్తగారు మాత్రం స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారనుకునేదాన్ని.

నవ్వండి, నవ్వండి. నేనూ మొదట్లో నవ్వుకున్నాను. వేసంకాలంలో రొయ్యకి తెల్లమచ్చ తెగులు కొట్టాక ఇక నవ్వలేదు.

మా చుట్టుపక్కల చెరువులన్నీ పోయాయి కదండీ, మీరు వినే ఉంటారు. వారంలో రొయ్యంతా చచ్చి గట్టుకొచ్చేసింది. ఎటు చూసినా ఏడుపులే. మాదొక్కటే నిలబడింది. ఎందుకు నిలబడిందో దేవుడికే తెలియాలి. సీడు, అదే రొయ్యపిల్ల, మంచిదేమో, నీళ్ళు మార్చకపోవడమేమో. మా ఆయన చెరువు దగ్గర్నుంచి తిన్నగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఈ పుస్తకం ముందు కొబ్బరికాయ కొట్టారు. కొట్టి, నా వంక చూశారు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెళ్ళిపీటల మీద కూడా ఆయన నన్నలా చూడలేదండి. నాకు బాగుంది. బాగుండబట్టే అప్పుడు నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆ రోజే వదిలిపోయేది.

ఇక ఆపడానికి లేదు. నాకు జొరమొస్తే నేనెలా ఉన్నానని కాదు, పేజీ తప్పుతుందేమోనని ఆ ఇంట్లో అందరికీ భయం. మా తమ్ముడి గృహప్రవేశానికి పంపలేదు, పారాయణ మధ్యలో ఊరు దాటకూడదట. నవల్లో ఆవిడ లాకు దగ్గర, నేను పీట మీద. ఎవరు ఎవర్ని చదువుతున్నారో తెలీని పరిస్థితి వచ్చేసింది.

అయినా చదివానండి. మూడేసి పేజీలు, నాలుగేసి పేజీలు. ఒక్క అక్షరం వదల్లేదు. ఎందుకంటే వెయ్యి దాటాక అందులో కదలిక వచ్చింది. కాలవ కట్టేసే ముందు ఆఖరి లాంచీ ఒకటి ఉంటుంది. ఆవిడ దానికోసం చూస్తోంది. ఎవరితోనూ చెప్పదు. బియ్యం కడుగుతూ చూస్తుంది, బట్టలారేస్తూ చూస్తుంది. వినే వాళ్ళెవరికీ ఏమీ తెలీదు, నాకొక్కదానికే తెలుసు, ఆవిడ వెళ్ళిపోబోతోందని!

పోయిన ఏకాదశికి ఉద్యాపన పెట్టారు. మా ఆయన టెంటు వేయించారు. ముందురోజు మధ్యాన్నం మిగతా పేజీలు ఓసారి చూసుకుందామని తీశాను.

అదిగో, ఇప్పుడు మీరూ తియ్యండి. చివరికి తియ్యండి. అట్ట ముందు పేజీ. నంబరెంత? పన్నెండొందల తొంభయ్యారు కదూ? ఆఖరి ముక్క చదవండి. పైకి కాదు, మనసులోనే చదువుకోండి. నాకు కంఠతా వచ్చు.

"ఒక కాలు పడవలోను, ఒక కాలు గట్టుమీదను."

తరవాత అట్ట!

విషయసూచిక చూస్తే ఇంకా ముప్పై రెండు పేజీలుండాలి. ఎప్పుడో బైండింగుకి వెళ్ళినప్పుడు ఊడిపోయి ఉంటాయి. మీ తప్పని అనడం లేదండీ. ఎవర్ననుకుని ఏం లాభం? ఆ క్షణాన నాకెలా ఉందో చెప్పలేను. పద్నాలుగేళ్ళూ పదహారు నెలలూ ఆగి అక్కడికెళ్తే, ఆవిడ కాళ్ళు అలా చీలి ఉండిపోయాయి.

మర్నాడు వంద మంది వస్తారు. ఫలశ్రుతి చదవని పారాయణ దక్కదంటారు. అందుకని...

అందుకని నేనే రాశానండి. మేత కంపెనీ డైరీలో. మధ్యాన్నం మొదలెట్టి దీపాలవేళ దాకా. ముప్పై రెండు పేజీలు కాదు, నాలుగు. ఆ రచయితలాగే చుక్కల్లేకుండా రాశాను.

రెండో కాలు ఎత్తించానండి. ఎక్కించాను ఆవిణ్ణి. లాంచీ కదిలింది, గట్టు వెనక్కెళ్ళింది. అక్కడ ఆగిపోయాను. ఎక్కడ దింపను? నాకు తెలిసిన ఊళ్ళెన్నండీ, పుట్టిల్లూ, మెట్టిల్లూ. ఒకసారి ద్రాక్షారామం వెళ్ళాను, అదీ అత్తగారితో. ఇక ఆవిణ్ణెక్కడా దింపలేదు. నీళ్ళ మీదే వదిలేశాను, వెళ్తూనే ఉందని. అది రాశాక లేచి దీపం పెడుతుంటే నాకు ఒళ్ళంతా తేలికగా ఉంది. పైగా రేపు అందరి ముందూ పైకి చదవొచ్చు, ఎవరికీ అర్థం కాదు, నాకొక్కదానికే తెలుస్తుంది. అదే కదా నా సుఖం!

మర్నాడు పీట మీద కూచున్నాను. డైరీ పుస్తకంలో పెట్టుకున్నాను. చదువుతున్నాను. ఒక కాలు పడవలోను, ఒక కాలు గట్టుమీదను. తలెత్తాను. ఎందుకెత్తానో! గుమ్మంలో మా ఆయన కొబ్బరికాయ పట్టుకుని నుంచున్నారు. స్తంభం దగ్గర మా అత్తగారు కళ్ళు తెరిచి ఉన్నారు. ఎప్పుడూ మూసుకునుండే కళ్ళు, తెరిచి, నన్నే చూస్తున్నారు.

చేతిలో ఒకటుంది చంద్రరావుగారూ. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"పడవలోని కాలును వెనుకకు తీసికొని, ఆమె గట్టు దిగి, ఇంటికి పోయి, ఎసరు పెట్టెను."

ఒక్క వాక్యం. దానికి చుక్క కూడా పెట్టాను. అంతా గోవిందా అన్నారు, కొబ్బరికాయ కొట్టారు. తాంబూలాలిచ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు, ఎవరూ నన్నడగలేదు. ఆవిడ రెండో కాలు ఎత్తనివ్వనిది నేనేనండి.

ఆగండి, అయిపోలేదు. అదే అయితే మీకు చెప్పేదాన్ని కూడా కాదు.

అందరూ వెళ్ళాక మా అత్తగారు పుస్తకాన్ని గుడ్డలో చుడుతున్నారు. నా వంక చూడలేదు. చుడుతూ చుడుతూ అన్నారు కదా, "దిగిపోయిందేంటమ్మాయ్? నేను ఎక్కేస్తుందనుకున్నాను."

అంతే. ఇంకేం అనలేదు. ముడేశారు. అందుకే అంత గట్టిగా ఉంది.

పదహారు నెలలు కళ్ళు మూసుకుని ఆవిడ విన్నది అదండీ! ఎప్పట్నుంచి తెలుసో! అమ్మవారి అలక దగ్గర్నుంచా, ఎర్రగుడ్డ దగ్గర్నుంచా? అడగలేదు. ఎలా అడుగుతాను? అడిగితే గుడ్డ విప్పెయ్యాలి ఇద్దరం. ఎవరికి భయపడి దింపానో ఆవిడే...

మర్నాడు పొద్దున్నే అత్తగారు లేచి, "ఒక ఆవృత్తితో ఏం తెలుస్తుంది, ఉగాదికి మళ్ళీ మొదలెట్టు" అన్నారు అందరి ముందూ. మా ఆయన సరే అనేశారు, చెరువులో కొత్త సీడు వేశారుగా.

ఏంటీ? రాజమండ్రిలో పాత లైబ్రరీ ఒకదాంట్లో ఇంకో కాపీ ఉందా? పూర్తిగానా? ఆ ముప్పై రెండు పేజీలూ జిరాక్స్ తెప్పిస్తారా?

...

వద్దండి.

వద్దు, నిజంగానే వద్దు. మీరు మంచి మనసుతో అంటున్నారు, తెలుసు. అందులో ఆవిడ ఎక్కేసి ఉంటే నేనెంత పిరికిదాన్నో అచ్చులో కనపడుతుంది. ఒకవేళ అందులోనూ దిగిపోయి ఉందనుకోండి? అప్పుడు నేనేం చూసుకుని చదవను?

ముద్ర వెయ్యండి. కాస్త మెల్లగా, పసుపు రాలుతుంది. గుడ్డ నేనే చుట్టుకుంటాను, ఇలా ఇవ్వండి. ముడి మాత్రం అంత గట్టిగా నాకు రాదు.

అదిగో, హారను. బస్సొచ్చేసింది.

రోజుకి మూడు పేజీలండి, ఆ నాలుగు రోజులూ తీసేసి. మళ్ళీ పదహారు నెలలు పడుతుంది. ఈలోగా రెండో కాలెత్తడం నేర్చుకుంటానేమో చూడాలి. నేర్చుకోలేదనుకోండి, మూడో ఆవృత్తి ఉంది కదా, ఎక్కడికి పోతాను!